ఆప్తవాక్యము

తెలుగున మనము నిత్యము వాడు మాటలలో 'ఆప్తుడు' అనునది యొకటి. కష్టకాలమున వచ్చి ప్రక్కన నిలుచువాడు, మన మేలు గోరువాడు, పెండ్లికిని చావునకును మొదట వచ్చి చివర పోవువాడు ఆప్తుడు. ఈ మాటను సంస్కృతమునుండి తెచ్చుకొన్నప్పుడు మనము దాని యర్థమును సగము త్రోవలో జాఱవిడిచితిమి. న్యాయశాస్త్రమున ఆప్తుడనగా మిత్రుడు కాడు. విషయమును స్వయముగ నెఱిగి, తానెఱిగినదానిని ఎఱిగినట్లే యితరులకు జెప్పగోరువాడు ఆప్తుడు. గౌతముని సూత్రములకు భాష్యము రచించిన వాత్స్యాయనుడు ఈ లక్షణము జెప్పి యంతతో నూరకొనక, ఇది ఋషులకును ఆర్యులకును మ్లేచ్ఛులకును సమానమే యని కూడ స్పష్టపఱచెను. ఒకని మాట ప్రమాణమగుటకు వాని కులము గాని, దేశము గాని, మనతో వానికి గల స్నేహము గాని కారణము కాదన్నమాట. ఇంత ధైర్యముగ వ్రాసినవాని గ్రంథమును చదివి పరీక్షలలో నెగ్గిన నేను, మిత్రుడు చెప్పినదెల్ల నిజమనియు శత్రువు చెప్పినదెల్ల బొంకనియు నమ్ముచు నలువదియేండ్లు గడపితిని. మాటల యర్థములు మాఱుట లోకసామాన్యమే. కాని యీ మార్పువలన నేనొక విద్యార్థికి జేసిన యపకారము సామాన్యమైనది కాదు.

2022 ఫిబ్రవరి నడుమ, ఉక్రెయిను దేశమున ఖార్కివ్ నగరమందు వైద్యవిద్య నభ్యసించుచున్న నా పూర్వవిద్యార్థి యొకడు రాత్రి పదిగంటలవేళ నాకు టెలిఫోను చేసెను. ఆ నెల 15వ తేదీన కీవ్ నగరమందలి మన రాయబార కార్యాలయము, అచట నుండుట యవశ్యము కాని విద్యార్థులు తాత్కాలికముగ స్వదేశమునకు బోవుట మంచిదని ప్రకటించియుండెను. కళాశాలవారు తరగతులు మానలేదు. విమానపు టిక్కెట్ల వెల పెరిగిపోయినది. వాని తండ్రి కౌలురైతు. కొడుకు చదువునకై చేసిన యప్పు తీరుటకే యింక పదేండ్లు పట్టును. "మాస్టారూ, వచ్చెయ్యమంటారా, ఉండమంటారా?" అని వాడడిగెను. నేను క్షణమైన నాలోచింపలేదు. "ఉండరా. రష్యావాళ్లే యుద్ధం లేదంటున్నారు కదా. సైన్యాన్ని వెనక్కి పిలుస్తున్నామని ప్రకటించారు కూడాను. ఇదంతా అమెరికావాళ్ల ఆర్భాటం. చదువు పాడుచేసుకోకు" అంటిని. సేనలలో కొన్ని విన్యాసములు ముగించి స్వస్థానములకు మఱలుచున్నవని రష్యా ప్రభుత్వము సరిగా ఆ 15వ తేదీననే ప్రకటించియుండెను. నేనది యా దినముననే చదివి సంతోషించితిని.

24వ తేదీ వేకువను ఖార్కివ్ పై క్షిపణులు పడినవి. నా విద్యార్థి భూగర్భ రైలుస్టేషనులో నేలపై పండుకొని వారముదినములు గడపెను. మార్చి 2వ తేదీన, వాహనములు దొరకనివారు కాలినడకనైనను వెంటనే నగరము విడువుడని రాయబార కార్యాలయము హెచ్చరింపగా, తోడివారితో మంచులో నడిచి పెసోచిన్ అను గ్రామము చేరి, అచటినుండి పడమటి సరిహద్దు దాటి, తుదకు ప్రాణములతో నింటికి వచ్చెను. ఆ వారముదినములును వాని తల్లి మా యింటి వసారాలో కూర్చుండి నావైపు చూచిన చూపు నేను మఱువజాలను. ఆమె నన్నొక మాటయు ననలేదు. అనియున్న బాగుండెడిది.

నేనెందుకట్లు చెప్పితిని? నాకు సేనల సంగతి యేమి తెలియును? సరిహద్దు చూచినవాడను కాను. రష్యన్ భాష రాదు. రెండువైపుల వాదములను దూచి చూచితినా యనిన, అదియును లేదు. నా మాటకు మూలమును వెదకుకొనుచు వెనుకకు బోగా బోగా నాకు దొరికినది మా యింటి యటుకమీది యొక నోటుపుస్తకము.

నాకు ఎనిమిది తొమ్మిదేండ్ల వయస్సున మా తండ్రిగారు 'సోవియట్ భూమి' పత్రిక తెప్పించెడివారు. దాని కాగితము దళసరిది, నునుపైనది. బడి తెఱచు దినములలో మా వాడలో పిల్లల పుస్తకములకెల్ల అవే యట్టలు. గోధుమచేలు, ట్రాక్టరుపై నవ్వుచున్న యువతులు, అంతరిక్షనౌకలు, తెల్లని దుస్తుల పిల్లలు. గణితపుస్తకము తెఱచిన దినమెల్ల నేనా నవ్వుమొగములను చూచితిని. విశాలాంధ్రవారి పుస్తకప్రదర్శనమున రెండు మూడు రూపాయలకు గట్టియట్టల గ్రంథములు దొరకెడివి. గోర్కీ 'అమ్మ'ను నేను తెలుగున చదివి యేడ్చితిని. ఉప్పల లక్ష్మణరావువంటివారు మాస్కోలో కూర్చుండి మన నుడికారముతో అనువదించిన పుస్తకములు లేకున్న, మావంటి పల్లెటూరి పిల్లలకు పుస్తకమనగా వాచకమే యని తోచియుండెడిది. ఇది ప్రచారమా? అవును, ప్రచారమే, ఒక ప్రభుత్వము తన కీర్తికై సొమ్ము వెచ్చించి పంపినదే. విద్యాదానమా? అదియు నిజమే. ఈ రెండును ఒక్క పొట్లములో వచ్చినవి. 1971 ఆగస్టు 9న కుదిరిన మైత్రీసంధి, ఆ డిసెంబరున ఐక్యరాజ్యసమితిలో మనకై రష్యా వినియోగించిన నిషేధాధికారము, భిలాయి, విశాఖ ఉక్కు కర్మాగారములు — ఇవి మా తండ్రిగారు భోజనమువేళ చెప్పిన కథలు. ఆపదలో నాదుకొన్నవాడు అబద్ధమాడునా? నా తర్కమింతే. తెలుగు ఆప్తుని సంస్కృతపు ఆప్తునిగా భ్రమించితిని.

ఈ భ్రమ నా యొక్కనిది కాదు. దానికి చరిత్ర యున్నది. అది కొంత విపులముగ జెప్పుట మంచిది.

1932–33లో సోవియట్ యూనియనున, ముఖ్యముగ ఉక్రెయినులో, ఘోరమైన కఱవు వచ్చినది. వానలు కురియక వచ్చినది కాదు. రైతుల భూములను బలవంతముగ ఉమ్మడిసేద్యమున గలిపి, పండిన ధాన్యమును నిర్బంధముగ సేకరించి, ఆకలిచే నూరు విడుచువారిని మార్గమధ్యమున నాపివేసినందున వచ్చినది. ఉక్రెయినులోనే 35 లక్షలకు తక్కువ గాకుండ జనులు మరణించిరని చరిత్రకారులలో పెక్కురు లెక్కించియున్నారు. లోకమునకది యెట్లు తెలిసినది, లేక యెట్లు తెలియలేదు?

వాత్స్యాయనుని లక్షణములను జేతబట్టుకొని యప్పటి సాక్షులను వరుసగ చూతము. ఇంగ్లండునందలి సిడ్నీ వెబ్, బియాట్రిస్ వెబ్ దంపతులు గొప్ప పండితులు, సజ్జనులు, డెబ్బదియేండ్లు దాటినవారు. 1932లో రష్యా జూచివచ్చి, 1935లో వేయిపుటలకు మించిన గ్రంథము ప్రకటించిరి. దాని పేరు 'సోవియట్ కమ్యూనిజము: ఒక నూతన నాగరికతయా?' అని ప్రశ్నార్థకముతో నుండెను. 1937లో రెండవ ముద్రణమున ఆ ప్రశ్నార్థకమును దీసివేసిరి. అది యెట్టి సంవత్సరము? రష్యాలో లక్షలకొలది జనులను ఖైదు చేయుచు, కాల్చిచంపుచున్న సంవత్సరము. ఈ దంపతులు అబద్ధమాడగోరినవారు కారు. వారికి స్వయముగ దెలిసినది స్వల్పము. చూపినది చూచిరి, ఇచ్చిన కాగితములు చదివిరి. వారియందు మొదటి లక్షణము లోపించినది.

చూపినది చూచుట యనిన నాకొకటి తోచుచున్నది. 1787లో కాథరీన్ రాణి క్రిమియా యాత్రకు బోయినప్పుడు పొటెమ్కిన్ అను మంత్రి నదీతీరమున అట్టముక్కల గ్రామములు నిలిపెనని యొక కథ లోకమంతట వ్యాపించినది. చరిత్రకారులు దానిని చాలవఱకు శత్రువుల కల్పనగ నెంచుచున్నారు. బూటకపు గ్రామముల కథయే బూటకమన్నమాట! కాని మా బడులు చూచినవారెవ్వరు ఆ కథను నమ్మకుందురు? తనిఖీ యధికారి వచ్చునాడు గోడలకు సున్నము, పిల్లల పళ్లెములలో గ్రుడ్డు, ముందు బల్లపై చురుకైన పిల్లలు. ఆ యేర్పాటు నేనును జేసినవాడనే. అధికారి సంతోషించి పోవును. అతడు చూచినదెల్ల నిజమే, గ్రుడ్డు నిజమైన గ్రుడ్డే. 1933 వేసవి తుదిని ఫ్రాన్సు దేశపు మాజీ ప్రధాని ఎదువార్ ఎర్రియో ఉక్రెయిను జూచి, అచట కఱవు లేదని చెప్పినదియు నిట్లే.

వాల్టర్ డ్యురాంటి సంగతి వేఱు. ఆయన న్యూయార్కు టైమ్సు పత్రికకు మాస్కో విలేఖరి. 1931లోని వ్యాసములకై 1932లో పులిట్జర్ బహుమానము పొందినవాడు. గారెత్ జోన్స్ అను వేల్సు దేశపు యువకుడు, ఇరువదియేడేండ్లవాడు, రష్యన్ భాష చక్కగ నేర్చినవాడు, 1933 మార్చిలో ఖార్కివ్ ప్రాంతమున రైలుదిగి, సంచిలో రొట్టెలు పెట్టుకొని, పల్లెవెంట పల్లె నడిచి, రైతుల గుడిసెలలో నిద్రించి, తాను చూచినదానిని మార్చి 29న బెర్లినులో ప్రకటించెను. రెండు దినములు గడువకుండ డ్యురాంటి తన పత్రికలో దానిని ఖండించి, ఆకలి యున్నదే కాని యాకలిచావులు లేవని వ్రాసెను. అదే డ్యురాంటి ఆ సెప్టెంబరులో బ్రిటిషు రాయబార కార్యాలయమువారితో, ఒక కోటిమంది వఱకును మరణించియుండవచ్చునని చెప్పెను. ఎఱుగకపోవుట యాయన లోపము కాదు. ఎఱిగినదానిని ఎఱిగినట్లు చెప్పగోరుటయే లేదు. ఆ బహుమానమును రద్దుచేయవలెనని 2003లో గట్టిగ నడిగినను పులిట్జర్ మండలి యందుల కంగీకరింపలేదు. మాస్కోలోని తక్కిన విలేఖరులును నాడు జోన్సును అబద్ధీకునిగ జేసిరి. వారిలో యూజీన్ లయన్స్ అనువాడు 1937లో ఆ పాపమును తన గ్రంథమున నొప్పుకొనెను. జోన్స్ అప్పటికి లేడు. 1935 ఆగస్టులో, ముప్పదియేండ్లు నిండుటకు ఒక దినము ముందు, మంచూరియా ప్రాంతమున బందిపోట్లచే జంపబడెను.

జోన్స్ వాక్యమునందు రెండు లక్షణములును గలవు. అయినను ఆనాడు మనదేశమున ఆ మాట చెవినిబడిన యువకులు దానిని నమ్మియుందురా? నమ్మకపోవుటకు వారికి బలమైన కారణమొకటి యుండెను. ఆ వార్త తెల్లవాని పత్రికలనుండి వచ్చినది. తెల్లవాడు మనలను గుఱించి వ్రాసిన యబద్ధములు వారు దినదినము చూచుచునే యుండిరి. 1943లో వంగదేశమున ముప్పది లక్షలమంది మాడిపోవుచుండ, ప్రభుత్వము కఱవను మాటయే పలుకనొల్లలేదు. ఆగస్టు 22న స్టేట్స్‌మన్ పత్రిక చావుల ఛాయాచిత్రములను అచ్చొత్తిన పిమ్మట గాని లోకమునకు నమ్మిక కలుగలేదు. ఇట్టివాడు రష్యా చెడ్డదని చెప్పిన, రష్యా మంచిదే యై యుండవలెనని మనవా రూహించిరి. ఈ యూహ సహజము. ఇది తప్పనుటకు నా నోరు రాదు; కాని యిది తప్పే. అబద్ధీకుడు చెప్పినంతమాత్రమున సూర్యుడు పడమట నుదయింపడు.

రవీంద్రనాథుని యనుభవమిచట జ్ఞప్తికి వచ్చుచున్నది. 1930 సెప్టెంబరులో ఆయన మాస్కో జూచి, నిరక్షరులైన రైతులకు చదువు చెప్పుట జూచి ముగ్ధుడై తన లేఖలలో మెచ్చుకొనెను. పోవునప్పుడు ఇజ్వెస్తియా పత్రికతో మాటలాడుచు, ప్రతిపక్షులపై ద్వేషము బోధించుటను, స్వతంత్రాభిప్రాయమును అణచుటను నిర్భయముగ విమర్శించెను. ఆ సంభాషణమును ఆ పత్రిక నాడు ప్రకటింపలేదు. దాదాపు ఆఱు దశాబ్దములకు పిమ్మట గాని యది యందు వెలువడలేదు. ఇచట నాయన మెచ్చికోలు లేఖ యొకటి 1934లో మోడరన్ రివ్యూ పత్రికయందు ఆంగ్లమున రాగా, బ్రిటిషు ప్రభుత్వము తక్కినవాటిని రానీయలేదు. ఒక ప్రభుత్వము ఆయన నిందను మ్రింగినది, వేఱొకటి స్తుతిని మ్రింగినది. రెండును గలిపి పలికినవాడు ఆయన యొక్కడే.

ఇంతకంటె జటిలమైన సమస్య కాటిన్ యడవిది. 1943 ఏప్రిల్ 13న జర్మనీ రేడియో, స్మోలెన్స్క్ దగ్గఱి కాటిన్ యడవిలో వేలకొలది పోలండు సైనికాధికారుల శవములు గుంతలలో దొరకినవనియు, వారిని చంపినది రష్యావారే ననియు ప్రకటించినది. ఆ ప్రచారమును నడపినవాడు గెబెల్సు. అనగా అసత్యమునకు లోకమున పర్యాయపదమైనవాడు. రష్యావారు కోపించి, 1941లో జర్మనులే చంపిరనిరి. 1944 జనవరిలో బుర్డెన్కో యను ప్రసిద్ధవైద్యుని యాధ్వర్యమున నొక సంఘము నేర్పఱచి యట్లే నిర్ణయము చెప్పించిరి. ఇంగ్లండువారు ఏమి చేసిరి? ఓవెన్ ఓమాలీ యను వారి రాయబారియే నిజము గ్రహించి, నేరము రష్యావారిదై యుండునని 1943లోనే నివేదిక పంపెను. చర్చిల్ దానిని రూజ్వెల్టునకు జూపెను. పిమ్మట దానిని మూసిపెట్టిరి. యుద్ధమున మిత్రుడు గదా! తుదకు 1990 ఏప్రిల్ 13న, సరిగా నలువదియేడేండ్లకు, సోవియట్ ప్రభుత్వమే తన యపరాధమును ఒప్పుకొనినది. దాదాపు 22 వేలమందిని చంపుడని 1940 మార్చి 5న స్టాలిన్ మొదలగువారు చేవ్రాలుచేసిన పత్రము 1992లో బయటపడినది.

ఈ వ్యవహారమున సత్యమును బలికినవాడు రాక్షసుడు. ఆ రాక్షసునితో ప్రాణములొడ్డి పోరాడినవాడు పలికినది యసత్యము. స్టాలిన్‌గ్రాడులో రష్యా సైనికులు చేసిన త్యాగము నిజము కాదా? నిజమే. వారి త్యాగముచే మనమును బ్రదికితిమి. కాని ఆ త్యాగము కాటిన్ గుంతలను పూడ్చదు. గెబెల్సును ఆప్తుడని యనగలమా? అనలేము, అతడు చెప్పినదెల్ల తన ప్రయోజనమునకే. ఇచట ప్రమాణమైనది అతని వాక్యము కాదు; శవముల జేబులలో దొరకిన యుత్తరములు, దినచర్యలు. వాటి తేదీలు 1940 వసంతముతో నిలిచిపోయినవి. చెప్పినవాడెవడని మాత్రమే యడుగుచు కూర్చున్నచో ఆ యుత్తరములను చదువువారుండరు. నేనిన్నినాళ్లు అడిగిన ప్రశ్న యది యొక్కటే.

ఇక కృతజ్ఞత మాట. నేను స్టాఫురూములో ఈ సంగతులు చెప్పినప్పుడు, మా తోడి యుపాధ్యాయుడొకరు, వయస్సున నాకంటె పెద్దవారు, "తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదండీ" అనిరి. ఆ మాట నన్ను చాలనాళ్లు బాధించినది. కృతఘ్నత మహాపాతకమని నేనును నమ్ముదును. కాని ఋణము దేనితో దీర్చవలయును? అన్నము పెట్టినవానికి అన్నముతో, ఆపదలో నాదుకొన్నవానికి తోడ్పాటుతో దీర్చవచ్చును. నమ్మిక యనునది నా సొమ్ము కాదు, ఇచ్చివేయుటకు. ఉన్నదానిని ఉన్నదనుకొనుట నా యిష్టముపై నాధారపడినది కాదు. ఋణదాత సంతోషమునకై రెండును రెండును ఐదని నేను చెప్పినయెడల, నేను చెల్లించినది నా ఋణము కాదు, నా విద్యార్థి ప్రాణము. ఇంకొకటి. మనకు మేలుచేసిన సోవియట్ యూనియనులో రష్యా యొక్కటే లేదు. 15 గణరాజ్యములుండెను, వానిలో ఉక్రెయిను పెద్దవానిలో నొకటి. మన యువకులెందఱో నాడు కీవ్, ఖార్కివ్ నగరములలోనే చదివి ఇంజనీర్లు, వైద్యులు నైరి. నా పుస్తకపుటట్టమీది గోధుమచేలు ఎచటివో నేనెన్నడైన విచారించితినా? కృతజ్ఞతయే కావలెనన్నచో, ఆ చేలను దున్నినవారికిని పాలు రావలయును గదా. ఋణమంతయు నొక్కనికే చెల్లవలెనని వ్రాసిన పత్రమెచట నున్నది?

నేటి ప్రచారము నాటి ప్రచారమువంటిది కాదు. గౌతముడు వాదమును, జల్పమును, వితండమును వేఱుపఱచెను. సత్యమునకై చేయునది వాదము. ఎట్లయిన తన పక్షమును గెలిపింపజూచునది జల్పము. తన పక్షమనునది లేకయే యెదుటివానిని పడగొట్టుటకు మాత్రము పూనునది వితండము. సోవియట్ కాలపు ప్రచారము జల్పము. మాది స్వర్గమని చెప్పెడిది, చెప్పినదానికి కట్టుబడెడిది, కనుకనే యొకనాడు పట్టుబడెను. 2005లో రష్యా ప్రభుత్వము స్థాపించిన అంతర్జాతీయ టెలివిజను, పిమ్మట ఆర్.టి. యను పొట్టిపేరు దాల్చినది, ఇంకను ప్రశ్నింపుడని బోధించుచు వచ్చినది. ప్రశ్నించుట మంచిదే, సంస్కర్తలందఱును బోధించినదియు నదే. కాని 2014 జూలై 17న తూర్పు ఉక్రెయినుపై మలేసియా విమానము కూల్చబడి 298 మంది మరణించినప్పుడు జరిగినది చూడుడు. దానిదగ్గఱ ఉక్రెయిను యుద్ధవిమానము ఎగిరినదని మొదట చెప్పిరి. మఱుసటి సంవత్సరము ఉక్రెయిను చేతనున్న చోటునుండి బూక్ క్షిపణి వచ్చినదనిరి. 2018లో ఆ క్షిపణి యేనాడో ఉక్రెయినునకు బంపినదనిరి. మొదటిది నిజమైన రెండవది నిజము కానేరదు. చెప్పినవారికి దానితో బనిలేదు. 2022 నవంబరు 17న నెదర్లాండ్సు న్యాయస్థానము, రష్యానుండి తెచ్చిన క్షిపణియే కూల్చినదని నిర్ణయించి ముగ్గురికి యావజ్జీవశిక్ష విధించునప్పటికి, సామాన్యుడు విసిగి, 'ఎవరు చెప్పేదీ నమ్మలేం' అని యావులించి లేచిపోయెను. ఆ యావులింతయే వితండవాది కోరిన జయము.

అబద్ధము బయటపడినను వీరు సిగ్గుపడరు. 2011 ఆగస్టులో వ్లాదిమిర్ పుతిన్ తామాన్ తీరమున సముద్రములో మునిగి, రెండు చేతులతో రెండు ప్రాచీనకలశములను దీసికొని పైకి వచ్చెను. వేలయేండ్లుగ పండితులకు దొరకనివి, రెండు నిలువుల లోతైన లేని నీటిలో నాయకునికి మొదటి మునుకలోనే దొరకినవి! క్షీరసాగరమథనమునందైనను కలశము ఇంత సులభముగ రాలేదు. అక్టోబరులో ఆయన ప్రతినిధియే, అవి ముందే దొరకినవనియు, తెచ్చి యచట నుంచిరనియు నొప్పుకొనెను. అయిన నేమి? చిత్రము లోకము చుట్టివచ్చినది. ఒప్పుకోలు ఎవ్వరికి కావలెను? మా యూరి క్షౌరశాలలో నేటికిని, చొక్కా లేక గుఱ్ఱముపై కూర్చున్న ఆయన చిత్రమును ఫోనులో జూపుకొని, "మగాడంటే వాడండీ" అనువారున్నారు. 2023లో ప్యూ పరిశోధనసంస్థ 24 దేశములలో విచారింపగా, పెక్కు దేశములలో అత్యధికసంఖ్యాకులు ఆయనయందు విశ్వాసము లేదనిరి. మనదేశమున సగముకంటె నెక్కువమంది విశ్వాసము గలదనిరి. వారందఱును ప్రచారముచే మోసపోయినవారని నేననను. 2003లో ఇరాకున మహామారణాయుధములున్నవని అమెరికావారు ఐక్యరాజ్యసమితిలో సీసా చూపి చెప్పిన మాట యబద్ధమని తేలినది. దానిని మనవారు మఱువలేదు, మఱువనవసరము లేదు. కాని ఒకని యబద్ధము వేఱొకనికి హామీపత్రమగుట యెట్లు? వంగదేశపు కఱవును దాచినవాడు ఉక్రెయిను కఱవును గుఱించి నిజమే చెప్పెను. నాటి తప్పునే మనము మఱల చేయుచున్నాము.

సామాన్యుడు ఇవన్నియు నెట్లు పరీక్షింపగలడని యడుగుదురు. అందఱును పరీక్షింపలేరు. క్షౌరశాలలోని వాని పొగడ్తవలన నొకని వెండ్రుక కూడ రాలదు — వాని కత్తెరవలన రాలునేమో. కాని యొకడు మన మాట విని ఉండుటయో పోవుటయో నిశ్చయించుకొనబోవునపుడు, మనము నమ్మినదానికి మనమే పూచీదారులము. ఎంతమంది బ్రదుకు మన నాలుకపై నాధారపడియున్నదో అంతమేరకు విచారింపవలసిన భారము హెచ్చును. తెలియదని చెప్పుట కూడ నొక యుత్తరమే. ఆ రాత్రి నాకది తోచలేదు. ఉపాధ్యాయునకు ఆ మాట పలుకుట యంత సులభము కాదు.

పరీక్షకొక చిన్న యుపాయము మాత్రము నాకు కనబడుచున్నది: ఆ మాట పలుకుటవలన పలికినవానికి లాభమో నష్టమో చూచుట. 2022 మార్చి 4న రష్యాలో, సేనలను గుఱించి యసత్యము పలుకువారికి 15 ఏండ్ల వఱకు శిక్ష యని శాసనము చేసిరి. అసత్యమేదో నిర్ణయించువారు ప్రభుత్వమువారే. ఆ నెలలోనే మాస్కోలోని యొక పురపాలకసభలో పిల్లలకు చిత్రలేఖనపు పోటీ పెట్టు ప్రస్తావము వచ్చినప్పుడు, అలెక్సీ గోరినోవ్ అను సభ్యుడు లేచి, ఉక్రెయినులో పిల్లలు చచ్చుచుండగా మనకీ పోటీ యెందులకని యడిగెను. జూలైలో నాతనికి ఏడేండ్ల కారాగారము విధించిరి. అతడు రష్యావాడే. రష్యాపట్ల మనకు గల ప్రేమ యెవ్వరికైన చెందవలసియున్నచో, నాకు మొదట తోచు పేర్లలో నిది యొకటి.

నా విద్యార్థి వచ్చిన మూడవనాడు మా యింటికి వచ్చెను. బాగుగ చిక్కియుండెను. పాదములు మంచుకు పగిలి పట్టీలు వేసియుండెను. నేను క్షమింపుమని యడుగుటకు మాటలు కూర్చుకొనుచుండగ, వాడే, "మీరొక్కరే కాదు మాస్టారూ, మా నాన్నా అదే చెప్పాడు. నాకూ ఉండాలనే ఉంది. ఉండమనేవాళ్ల కోసమే అందరికీ ఫోన్ చేశాను" అనెను. నన్నోదార్చుటకే యట్లనెనో, నిజమో, నేడును నాకు దెలియదు.

2023 చివరను వాడే మఱల వచ్చెను. ఈసారి తన పెదతండ్రి మనుమని వెంటబెట్టుకొని. రష్యాలో సహాయకుల యుద్యోగము, నెలకు లక్షరూపాయల పైచిలుకు జీతము, యుద్ధరంగమునకు బంపరు అని యూట్యూబులో నొక దళారి చెప్పుచున్నాడట. ఆ కుఱ్ఱవాడు పోవుటకు సిద్ధమై, మూడు లక్షలు పుట్టించుచున్నాడు. "రష్యా మనకు దోస్తే కదా సార్" అని నన్నడిగెను. అక్కడ పనిచేసి తిరిగివచ్చినవానిని ఒక్కనిని నాకు జూపుమంటిని. చూపలేకపోయెను. దళారి యిచ్చిన నంబరులకు మేము ముగ్గురమును గూర్చుండి ఫోను చేసితిమి, ఒక్కటియు నెత్తలేదు. పాస్‌పోర్టును వాని తల్లి బియ్యపుడబ్బాలో దాచినది. 2024 మార్చిలో, అట్లే పోయిన హైదరాబాదు యువకుడొకడు యుద్ధమున మరణించెనని మన రాయబార కార్యాలయము ప్రకటించినది. ఆ నెలలోనే సి.బి.ఐ. వారు దళారులపై కేసు పెట్టిరి. మా కుఱ్ఱవాడిప్పుడు మండలకేంద్రములో మోటారుసైకిళ్లు బాగుచేయు దుకాణమున పని చేయుచున్నాడు. జీతము తక్కువ. బజారులో నెదురైనప్పుడు నాతో నంత ముఖమిచ్చి మాటలాడడు.